నాలుగో గడి

క్రీముల పరీక్ష ముగిసి ఐదు వారాలైంది. అందుకే సోమవారం పొద్దున్నే కండక్టరమ్మ తలుపు తోసుకొని లోపలికి వస్తే, ఏదో మరిచిపోయి వచ్చిందనుకుంది రీడింగమ్మ.

ఆ సెంటర్లో చిన్నా పెద్దా అందరూ ఆమెను రీడింగమ్మ అనే పిలుస్తారు. రెండో అంతస్తులో మూడు గదులు. ముందు గదిలో కుర్చీలు, మధ్య గదిలో ఆమె బల్ల, వెనక గదిలో ఫ్రిజ్. చర్మం రంగు తగ్గించే క్రీములు బజారుకు వెళ్ళకముందు పదిమంది చేతుల మీద పూసి చూసే చోటది. పూయడం, కొలవడం, వచ్చిన నంబరు రాయడం ఆమె పని. పదకొండేళ్ళుగా అదే పని.

"డ్యూటీకి ఇంకా అరగంటుంది మేడం. ఒక్కసారి చూస్తారా?" అంటూ కండక్టరమ్మ కుర్చీలో కూర్చుంది. టికెట్ల సంచి ఒళ్ళో పెట్టుకుంది. యూనిఫాం చేతిని మోచేతి దాకా మడిచి, చెయ్యి వెల్లకిలా బల్ల మీద పరిచింది.

ఆ చేతి మీద ఆరు గడులు గీసింది రీడింగమ్మే. ప్లాస్టిక్ అచ్చు ఆనించి, పెన్నుతో, ఒక్కోటి తపాలా బిళ్ళంత. ఒక్కో గడిలో ఒక్కో మొక్క సారం. ఒకదాంట్లో అతిమధురం, ఒకదాంట్లో మల్బరీ వేరు, ఇంకోదాంట్లో ఏదో పండు తొక్క. నాలుగో దానికి పేరు లేదు. కొండ మొక్క బెరడు నుంచి తీసిందని మాత్రం కాగితంలో ఉంది. పన్నెండు మంది చేతుల మీద ఎనిమిది వారాలు రోజూ పూశారు. ఆఖరి రోజున అన్నిటికంటే ఎక్కువ రంగు తగ్గింది నాలుగోదే. ఆవేళ మేనేజరు అందరికీ టీ తెప్పించాడు.

ఇప్పుడు ఐదు గడులు ఎక్కడున్నాయో వెతికినా కనపడడంలేదు. నాలుగోది మాత్రం తలుపు దగ్గర నుంచి చూసినా కనిపించేట్టుంది. తెల్లగా ఉంది అనడానికి రీడింగమ్మకు నోరు రాలేదు. తెలుపుల్లో ఎన్ని రకాలున్నాయో ఆమెకు తెలుసు. ఇది వాటిలో చేరేది కాదు. అంతమేర అక్కడ చెయ్యే లేనట్టుంది. చుట్టూ గోధుమరంగు చర్మం, దాని మీద సన్నటి నూగు, మధ్యలో నాలుగు మూలలూ చక్కగా కోసి తీసేసినట్టు ఖాళీ. ఆ ఖాళీలో మూడు వెంట్రుకలు కూడా తెల్లగా మారి ఉన్నాయి. మణికట్టు వైపు మూల మాత్రం కాస్త కరిగి, గీత దాటి ముందుకు జరిగింది.

"నొప్పుందా?"

"నొప్పి లేదు, దురద లేదు. అదే నా బెంగ. దురదపెడితే గోక్కుని ఊరుకునేదాన్ని" అని నవ్వబోయి మానేసింది కండక్టరమ్మ. "చెయ్యి చాచితే ఇది బయటపడుతోంది. జనం చిల్లర నా చేతిలో పెట్టడం మానేశారు మేడం. సీటు మీద పెట్టి, తీసుకో అంటున్నారు. ఒకాయనైతే టికెట్టు కూడా రుమాలుతో అందుకున్నాడు. నెలలో మామూలైపోతుందని మీరే అన్నారు కదా."

"అన్నాను."

రీడింగమ్మ మిషను తీసింది. టార్చిలైటంత ఉంటుంది. చర్మం ఎంత లేతగా ఉంటే అంత పెద్ద నంబరు చూపిస్తుంది. ముందు తెల్ల బిళ్ళ మీద ఆనించి సరిచూసుకుంది. తరువాత కండక్టరమ్మ మోచేతి దగ్గర ఆనించి నొక్కింది. టిక్. నలభై ఒకటి. నాలుగో గడి మీద నొక్కింది. టిక్. డెబ్బై రెండు. మళ్ళీ నొక్కింది. డెబ్బై రెండే. పదకొండేళ్ళలో మనిషి చర్మం మీద ఆ మిషను డెబ్బై దాటడం ఆమె చూడలేదు.

షేడ్ కార్డు తెచ్చి గడి పక్కన పెట్టింది. పది రంగుల పట్టీ అది. పది అన్నిటికంటే ముదురు, ఒకటి అన్నిటికంటే లేత. ఐదు దగ్గర నుంచి మెల్లగా జరుపుతూ వచ్చింది. నాలుగు, మూడు, రెండు, ఒకటి. కార్డు అయిపోయింది. ఆమె వేళ్ళు అలవాటు మీద ఇంకా జరపబోయాయి. కార్డు అంచు దాటి, బల్ల చెక్క తగిలింది.

"ఎంతొచ్చింది మేడం?"

"రాసుకుంటాను. మీరు మళ్ళీ బుధవారం రండి."

"రాయండి మేడం. రాస్తే ఎవరో ఒకరు చూస్తారు కదా" అంది కండక్టరమ్మ. చెయ్యి దించుకుని, గుండీ జాగ్రత్తగా పెట్టుకుని, సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. మెట్లు దిగుతుంటే ఆమె చెప్పుల చప్పుడు కిందిదాకా వినిపించింది. రీడింగమ్మ బల్ల వైపు చూసింది. చెయ్యి ఆనిన చోట ఏ గుర్తూ లేదు. అయినా దూది తడిపి రెండుసార్లు తుడిచింది.

మేనేజరు మంచి మనిషే. ఎవరి మీదా గొంతు లేపడు. రీడింగమ్మ చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"స్టడీ మూసేశాం కదమ్మా. మూసేసిన ఫైల్లో రాయడానికి చోటెక్కడుంది?"

"పక్కన రాద్దాం సార్. డెబ్బై రెండు వచ్చింది."

"మనం పూసింది తెల్లబడాలనే కదా. తెల్లబడితే తప్పంటే ఎలా? చెట్టు నుంచి తీసిందమ్మా అది, ఫ్యాక్టరీలో పుట్టింది కాదు." సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందుకు జరిపాడు. ఆఖరి రీడింగు తరువాత ఏ మార్పూ తమ దృష్టికి రాలేదని ఉంది. కింద రెండు సంతకాలకు చోటుంది. ఆయనది అప్పటికే ఉంది. "శుక్రవారం కంపెనీవాళ్ళు తీసుకెళ్తారు."

రీడింగమ్మ కాగితం ముట్టుకోలేదు. మేనేజరు కిటికీ వైపు చూస్తూ, అదేదో వాతావరణం సంగతైనట్టు మాట్లాడాడు.

"ఫ్రిజ్‌లో నాలుగో నంబరు ట్యూబొకటి తక్కువుంది. నేనెవర్నీ అడగలేదు. అడగను కూడా."

రీడింగమ్మ కాగితం దగ్గరకు లాక్కుంది. పెన్ను తీసుకుని సంతకం చేసింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, వరసగా పడ్డాయి.

ఆ సాయంత్రం ఇంట్లో కూతురికి భోజనం వడ్డిస్తూ, వడ్డించడం మరిచిపోయి నిలబడింది రీడింగమ్మ.

కూతురు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తుంది. ఇరవై ఏళ్ళు. పొడుగు, నడక, జుట్టు అన్నీ తల్లివే. రంగు తండ్రిది. తండ్రి లిఫ్టులు బాగుచేసే పనిమీద వారం రోజులుగా ఊళ్ళో లేడు. రెండున్నర నెలల క్రితం, నాలుగో గడి మిగతావాటిని దాటిపోతున్న రోజుల్లో, ఫ్రిజ్‌లోంచి ఒక ట్యూబు తెచ్చి అద్దం ముందు పెట్టింది రీడింగమ్మ. "రాసుకో, చర్మానికి మంచిది" అని మాత్రం అంది. కూతురు ట్యూబు వైపు, తల్లి వైపు చూసి, "సరేలే" అంది. మర్నాటికి ట్యూబు అద్దం దగ్గర లేదు. తన గదిలోకి తీసుకెళ్ళిందని తల్లి సంతోషించింది.

అప్పటినుంచి రోజూ చూస్తూనే ఉంది. చూడటం ఆమెకు వచ్చిన విద్య. షేడ్ కార్డు లెక్కలో ఎనిమిదిగా ఉన్నది మూడో వారానికి ఏడైంది. నెల తిరిగేసరికి ఆరున్నర. ఒక పొద్దున కూతురు కిటికీ దగ్గర జడ వేసుకుంటుంటే ఆరే అని కూడా అనిపించింది. ఎవరితోనూ అనలేదు. లోలోపల మురిసిపోయింది.

ఇప్పుడు ట్యూబులైటు కింద ఆ పిల్ల ముఖం వెలుగుతున్నట్టుంది. చెవి కింద, దవడ దగ్గర ఒక తెల్లటి ముక్క. రీడింగమ్మ గరిటె పట్టుకుని ముందుకు వంగింది. కూతురు తల పక్కకు తిప్పింది. తెల్లముక్క జారి మెడ మీదికి వచ్చింది, అక్కడి నుంచి గోడ మీదికి పోయింది. కంచం అంచు నుంచి తగిలిన వెలుతురు అది.

"ఏంటమ్మా, అలా చూస్తున్నావు?"

"ఏం లేదు. తిను."

"నువ్వు చూస్తుంటే ముద్ద దిగట్లేదు."

రీడింగమ్మ కంచం దగ్గర నీళ్ళు పెట్టి వెనక్కి తిరిగింది. "పై వాటా పిచ్చుక కిందికి రావట్లేదేంటి?" అని ఏదో ఒకటి అడగాలని అడిగింది. టైలరు దగ్గర కుట్టుపని చేసే ఆ అమ్మాయి సన్నగా, వాగుతూ, చిటికెడు తిని లేస్తుందని చిన్నప్పుడే పిచ్చుక అని పేరు పెట్టారు. కూతురికి ఒకటో తరగతి నుంచి స్నేహితురాలు. రోజుకు నాలుగుసార్లు వచ్చే పిల్ల ఈమధ్య కనిపించలేదు.

"ఏదో పెద్ద ఆర్డరంట. కుట్లు ఇంటికే తెచ్చుకుంటోంది" అని కూతురు కంచం తీసుకుని లేచింది.

మంగళవారం మేనేజరు బయటికి వెళ్ళగానే రీడింగమ్మ పాత జాబితా ముందు పెట్టుకుని ఫోన్లు మొదలుపెట్టింది. కండక్టరమ్మ కాకుండా పదకొండు మంది. ఊరికే క్షేమం కనుక్కుంటున్నట్టు మాట్లాడింది.

మంగలి వెంటనే చెప్పేశాడు. "గడ్డం గీయించుకునేవాళ్ళు అద్దంలో వాళ్ళ ముఖం చూసుకోవాలి కదమ్మా. నా చెయ్యే చూస్తున్నారు. అది ఇప్పుడు చదరం కూడా కాదు. ఆకులాగా ఉంది." లెక్కల మాస్టారు తనకేమీ లేదన్నాడు. ఫోను పెట్టేముందు, చేతి గడియారం మోచేతి దగ్గర కట్టుకుంటే రక్తం ఆగుతుందా అని అడిగాడు. ఆ తరువాత రిటైరైన టైపిస్టు ఒకావిడ ఫోను ఎత్తింది. "మనవరాలు నా పక్కన పడుకుంటుంది. ఇప్పుడు ఆ చెయ్యి గోడవైపు పెట్టుకోమంటోంది. చీకట్లో కనిపిస్తోందట" అని మెల్లగా అంది. "నిజంగా కనిపిస్తుందా అండీ?"

"లేదండీ. చీకట్లో ఎలా కనిపిస్తుంది" అంది రీడింగమ్మ.

ఇద్దరు ఫోను ఎత్తలేదు. ఒకరి చెయ్యి మామూలుగా ఉందట. మిగతా ఎనిమిది మందికీ ఎంతో కొంత ఉంది. రీడింగమ్మ కళ్ళ ముందు ఊరంతా తెలియని గుమ్మాల్లో, సెలూన్లో, బళ్ళో, బస్సులో ఆ గడులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నట్టనిపించింది. అన్నీ ఆమె గీసినవే. ఒకే అచ్చు, ఒకే పెన్ను. ఎవరూ తాకకుండానే అంచులు జరుగుతున్నాయి. వెనక గదిలో ఫ్రిజ్ గుర్రుమని మొదలై, ఆగింది. ఆమె లేచి వెళ్ళి తలుపు తీసి చూసింది. నాలుగో నంబరు ట్యూబులు వరసగా ఉన్నాయి. వచ్చినప్పుడు తేనె రంగులో ఉన్న మందు ఇప్పుడు గోధుమరంగు దాటి, నల్లబడింది. మనుషుల్లోంచి పోయిందంతా ఇక్కడికి వచ్చి చేరినట్టుంది. తలుపు మూసి, సరిగా మూసుకుందో లేదో చేత్తో నొక్కి చూసింది.

బుధవారం కండక్టరమ్మ చీటీతో వచ్చింది. తనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి చర్మం డాక్టరుకు చూపించుకుందట. "ఏం పూశారో కనుక్కుని రమ్మన్నారు మేడం. మీరొస్తే ఇంకా మంచిదన్నారు. నా మాట డాక్టరమ్మకు సరిగా అర్థం కావట్లేదు, ఎన్నో గడి, ఎన్ని వారాలు అని అడుగుతున్నారు."

భోజనం వేళలో రీడింగమ్మ ఆమె వెంట వెళ్ళింది. డాక్టరమ్మ నడివయసు మనిషి. నిద్ర చాలని కళ్ళు, పొట్టిగా కత్తిరించిన గోళ్ళు. కాగితం మీద ఒక గుండ్రటి కణం బొమ్మ గీసి, కండక్టరమ్మకే అర్థమయ్యేట్టు చెప్పింది.

"మన చర్మంలో రంగు తయారుచేసే పనివాళ్ళుంటారమ్మా. వాళ్ళకు ఒక ముడిసరుకు కావాలి. మొక్కల్లో దొరికే ఈ మందులు చూడటానికి ఆ సరుకులాగే ఉంటాయి. పనివాడు పొరపాటున దీన్ని పట్టుకుని కూర్చుంటాడు, రంగు తయారీ తగ్గుతుంది. మానేస్తే మళ్ళీ మామూలే. చాలావాటితో అంతే. మీ నాలుగోదాంతో అలా అవ్వలేదు. పనివాడు దాన్ని లోపలికి తీసుకుని, తనే విషం చేసుకుంటున్నాడు. పని ఆగడం కాదు, పనివాడే పోతున్నాడు."

"మళ్ళీ రారా?" అంది కండక్టరమ్మ.

"కొందరిలో పక్కనుంచి మెల్లగా వస్తారు. ఎంతమంది, ఎప్పుడు అనేది ఇప్పుడే చెప్పలేను." డాక్టరమ్మ రీడింగమ్మ వైపు తిరిగింది. "ఇది తపాలా బిళ్ళంత కాబట్టి సరిపోయింది. ముఖానికి రాసుకున్నవాళ్ళెవరూ లేరు కదా?"

గోడ మీద ఫ్యాను కిర్రుమంటూ ఇటు తిరిగి, అటు తిరిగింది.

"లేరండీ" అంది రీడింగమ్మ.

తిరిగి వెళ్ళి మిషను సంచిలో వేసుకుంది. అది బయటికి తీసుకెళ్ళకూడదు. బస్సులో కూర్చుని సంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుంది. ముందు సీట్లో ఎవరో అమ్మాయి మెడ మీద చిన్న తెల్లమచ్చ కనిపించి తల వంచి చూసింది. అమ్మాయి చెయ్యి వేసి దులుపుకుంది. దూదిపింజ.

కూతురు అప్పుడే షాపు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. రీడింగమ్మ సంచి దించకుండానే ఆమె చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరకు లాక్కొచ్చింది.

"ఆ ట్యూబు ఎక్కడుంది? ఇక రాసుకోకు. రోజూ రాశావా? కళ్ళ దగ్గర కూడా రాశావా?"

"ఏంటమ్మా, ముందు చెయ్యి వదులు."

"అది రంగు తగ్గించట్లేదు, చంపేస్తోంది. మా దగ్గర కండక్టరమ్మ చెయ్యి చూస్తే..." ఆమె మిషను తీసి కూతురి నుదుటి మీద ఆనించింది. టిక్. బుగ్గ మీద. టిక్. ఎన్నడూ ఎండ తగలని మోచేతి పైన. టిక్. ముప్ఫై ఏడు, ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది. సంచిలోంచి కార్డు తీసి బుగ్గ పక్కన పెట్టింది. ఎనిమిది. అచ్చంగా ఎనిమిది.

కూతురు కదలకుండా నిలబడింది. తల్లి చేతులు ఆగేదాకా నిలబడి, అప్పుడంది.

"నేను ఒక్కసారి కూడా మూత తియ్యలేదమ్మా."

"లేదు, తగ్గింది. నేను చూశాను. ఆరు దాకా వచ్చింది."

"నువ్వు చూడాలనుకున్నావు." ఆ పిల్ల గొంతులో కోపం లేదు. "చిన్నప్పటినుంచీ నువ్వు నన్ను చూసినప్పుడల్లా నంబరు చదువుతున్నట్టే ఉంటుంది. ఆ ట్యూబు అద్దం ముందు పెట్టిన రోజున ఆ నంబరు పైకి చదివినట్టైంది. ఎలా రాసుకుంటాను?"

రీడింగమ్మకు ఆ మాటలన్నీ వినిపించాయి. కానీ వాటిలో ఒక్కటే లోపలికి వెళ్ళింది. రాసుకోలేదు. మంచం అంచున కూలబడింది.

"అమ్మయ్య" అంది. పైకే అంది.

కూతురు ఆమెనే చూస్తోంది. ఆ పిల్ల ముఖంలో ఏదో మారుతోంది.

"అంత ప్రమాదమా అది?"

"నువ్వు రాసుకోలేదు కదా. ఇంకేం."

"నేను రాసుకోలేదన్నాను. ఎవరూ రాసుకోలేదనలేదు."

పిచ్చుక అడిగిందట. అద్దం ముందు ట్యూబు చూసి, ఏంటే ఇది, మీ అమ్మ సెంటర్‌దా, నీకొద్దా అయితే, అందట. తీసుకోవే, పీడా పోతుంది అని తనే ఇచ్చిందట. కూతురు ఆ మాట చెప్పి, తన చేతుల వైపు చూసుకుంది.

రీడింగమ్మ మంచం మీద అలాగే కూర్చుంది. ఇందాకటి అమ్మయ్య గదిలోంచి ఇంకా పోనట్టుంది. తన పిల్లకు కాకపోతే చాలని అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న మనిషి తనే. ఆ ముఖం ఎలా ఉండి ఉంటుందో కూతురు చూసింది. దాన్ని ఇక తుడిచెయ్యడం కుదరదు.

"పద" అంది లేచి.

పై వాటాలో కుట్టుమిషను చప్పుడు వాళ్ళు తలుపు కొట్టగానే ఆగింది. తలుపు జానెడు తెరుచుకుంది. "మీరా పిన్నీ, రండి" అని పిచ్చుక పక్కకు తప్పుకుంది. తల చుట్టూ, గడ్డం కిందుగా చున్నీ చుట్టుకుని ఉంది. పరదాలు వేసి ఉన్నాయి. మిషను లైటు ఒక్కటే వెలుగుతోంది. దాని కింద సగం కుట్టిన తెల్ల కాలరు ఒకటి సూది పాదం కింద ఇరుక్కుని ఉంది.

"అమ్మ పనిలోంచి ఇంకా రాలేదు. కూర్చోండి. నేనే వద్దామనుకుంటున్నా, నీతో పనుంది పిన్నీ" అంటూ చున్నీ విప్పింది.

కూతురు గోడకు ఆనుకుంది. రీడింగమ్మ కదలలేదు.

కళ్ళ చుట్టూ రెండు తెల్లటి వలయాలు. నోటి మూలల నుంచి గడ్డం దాకా రెండు పాయలు. ముక్కు పక్కన ఒకటి, చెవి కింద ఒకటి. మధ్యమధ్య పాత గోధుమరంగు మిగిలి ఉంది. ఆ పిల్ల నవ్వితే తెల్లటివే నవ్వుతున్నాయి. లోపలి నుంచి ఇంకో ముఖం, ఎవరిదో తెలియని ముఖం, ఈ ముఖాన్ని తోసుకుని బయటికి వస్తున్నట్టుంది.

"మొదటి నెల అంతా సమానంగా వచ్చింది పిన్నీ. షాపులో అందరూ అడిగారు ఏం రాస్తున్నావని, నువ్వే చూడలేదు. తర్వాత ఇలా ముక్కలుముక్కలుగా అవుతోంది. ట్యూబు అయిపోయింది కదా, అందుకేమో." ఆమె కుర్చీ అంచుకు జరిగింది. గొంతు తగ్గించింది. "ఇంకొకటి తెస్తే మిగతాది కూడా ఆ రంగులోకి వచ్చేస్తుంది కదా?"

రీడింగమ్మ ఆ పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది. డాక్టరమ్మ చెప్పినట్టు ముడిసరుకు, పనివాడు అని చెప్పబోయింది. మానేసింది.

"అది మందు కాదమ్మా. నీ చర్మంలో రంగు చచ్చిపోయింది. నాకు తెలియక తెచ్చాను. సోమవారం నుంచి మాత్రం తెలుసు."

పిచ్చుక నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది. తరువాత స్నేహితురాలి వైపు చూసింది, ఇది వేళాకోళమేమో అన్నట్టు. స్నేహితురాలు ఏడుస్తోంది. పిచ్చుక చున్నీ మళ్ళీ చుట్టుకోలేదు. మిషను వైపు తిరిగి, కాలరు పాదం కింద నుంచి తీసి, ఒళ్ళో పెట్టుకుని, పడ్డ కుట్లన్నీ సూదితో ఒక్కొక్కటే విప్పసాగింది.

"బాగానే ఉంది కదే, ఎందుకు విప్పుతున్నావు?" అంది కూతురు.

"ఏమో" అంది పిచ్చుక.

గురువారం పొద్దున ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. రీడింగమ్మ ముందు సెంటర్‌కు వెళ్ళి, మిషను తీసిన చోట పెట్టి, జాబితా, తన చేత్తో రాసిన రీడింగుల పుస్తకం సంచిలో వేసుకుని వచ్చింది. మేనేజరు సొరుగు తాళం వేసి లేదు. సంతకం చేసిన కాగితం కూడా తెచ్చింది. దాని మీద తన పేరును అడ్డంగా కొట్టేసింది.

వరండాలో బల్ల మీద కండక్టరమ్మ అప్పటికే ఉంది. చున్నీలోంచి పిచ్చుక ముఖం ఒకసారి చూసి, ఏమీ అడగకుండా జరిగి చోటిచ్చింది. తన చెయ్యి ఆ పిల్ల చేతి పక్కన, నాలుగో గడి పైకి కనిపించేట్టు పెట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ నలుగురినీ లోపలికి పిలిచి, పిచ్చుక చున్నీ తీసి చూసి, నెమ్మదిగా రీడింగమ్మ వైపు తిరిగింది.

"నిన్న లేరన్నారు."

"అన్నాను. అబద్ధం చెప్పాను."

"ఈ అమ్మాయికి ఎలా దొరికింది? ఎవరో ఒకరు చెప్పాలి, నేను రాయాలి."

"నేనిచ్చానండీ" అంది వెనక నుంచి కూతురు.

"దాన్ని అడక్కండి" అంది రీడింగమ్మ. "ఆ కాగితం ఇలా ఇవ్వండి, నేనే రాస్తాను."

నిలబడే రాసింది. ట్యూబు ఫ్రిజ్‌లోంచి ఏ రోజున తీసిందీ, ఎందుకు తీసిందీ రాసింది. పన్నెండు మంది పేర్లు, ఫోను నంబర్లు, ఫోనులో ఎవరేం చెప్పిందీ రాసింది. సోమవారం వచ్చిన డెబ్బై రెండు రాసింది. సోమవారమే తాను చేసిన సంతకం సంగతీ రాసింది. సంచిలో ఫోను మోగింది. మేనేజరు. అది మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. కండక్టరమ్మ సంచి అందుకుని తన ఒళ్ళో, టికెట్ల సంచి పక్కన పెట్టుకుంది.

"ఇది పైకి పంపుతాను. మీ ఉద్యోగం ఉండదు, తెలుసు కదా?" అంది డాక్టరమ్మ.

"తెలుసండీ."

తరువాత పిచ్చుకను పక్కనున్న చిన్న గదిలోకి పిలిచింది. కిటికీకి నల్లగుడ్డ కట్టి ఉంది. రంగు ఎక్కడెక్కడ పోయిందో మామూలు వెలుతురులో సగమే తెలుస్తుందట. పిచ్చుక స్టూలు మీద కూర్చుంది. "పిన్ని ఉండాలి" అంది. కూతురు బయట ఆగిపోయింది.

తలుపు మూసుకుంది. చీకటి. ఊదారంగు దీపం ఒకటి వెలిగింది.

రీడింగమ్మ గోడ పట్టుకుంది. పిల్ల ముఖం కనిపించడంలేదు. చీకట్లో నీలంగా, తెల్లగా మండుతున్న చారలు మాత్రం ఉన్నాయి. కళ్ళ చుట్టూ ఉన్నవే కాదు, ఇంకా పగటికి తెలియనివి కూడా. ముక్కు పక్క నుంచి చెవి దాకా రెండు వేళ్ళ వెడల్పున ఒక చార. మెడ మీద నాలుగు సన్నటి గీతలు, చివర్లు పైకి తిరిగి. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి ఆ పిల్ల ఎలా రాసుకుందో, వేళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో, ఎంత ఆశగా పైకి తోశాయో అంతా అక్కడే ఉంది. డాక్టరమ్మ దీపం మెల్లగా జరుపుతోంది. చారలు ఆరుతూ, వెలుగుతూ ఉన్నాయి.

"ఎలా ఉన్నాను పిన్నీ?" అంది చీకట్లోంచి పిచ్చుక గొంతు. "నాకు కనిపించదు కదా. నువ్వు చెప్పు. నంబరు మాత్రం చెప్పకు."

రీడింగమ్మ దగ్గరకు వెళ్ళి స్టూలు పక్కన నిలబడింది. నంబరు లేకుండా ఒక ముఖాన్ని చెప్పడం ఆమెకు కొత్త.

"నుదురు మధ్యలో ఏం లేదు. కనుబొమ్మల కింద ఉంది, రెండు వైపులా. ఎడమవైపు ఎక్కువ."

ఒక వేలు చీకట్లో కదిలి, వెలుగుతున్న చోట నల్లగా అడ్డం వచ్చింది.

"ఇక్కడా?"

"అక్కడే. చెవి దాకా ఉంది. మెడ మీద కూడా. పై పెదవి మీద ఉంది. గడ్డం కింద ఉంది."

వేలు ఆమె చెప్పిన చోటల్లా ఆగుతూ వెళ్ళింది. తరువాత తనంతట తానే పక్కకు జరిగి, కుడి బుగ్గ మీద, ఏ వెలుగూ లేని చోట నిలిచింది.

"మరి ఇక్కడ?"

"అక్కడ ఏం పోలేదమ్మా. అక్కడ నీ రంగే ఉంది."

పిచ్చుక ఆ వేలు తీయలేదు. డాక్టరమ్మ దీపం పట్టుకుని, లైటు వేయకుండా ఆగింది.